‘అయింది గానీ…’: మూసీ వరద ఆటలో మధ్య పాచిక

మొదటి రోజు ఆట ఒక తాళం దగ్గర ఆగిపోయింది.

మేం పాచికలతో ఆడుతున్న కథలో అది 1908 సెప్టెంబర్ 28, ఇంకా తెల్లారలేదు. అఫ్జల్‌గంజ్ వైపు ఒక ఇంట్లో మోకాళ్ల దాకా నీళ్లు. లోపలి గదికి తాళం వేసి ఉంది, గదిలో ఒక పిల్లవాడు ఏడుస్తున్నాడు. మా మేనల్లుడు 20 ముఖాల పాచిక వేశాడు. 9 పడింది. వాడి పాత్రకు బలం కింద ఉన్న ప్లస్ 3 కలిపితే 12. తాళం తెరుచుకోవాలంటే రావాలని నేను మనసులో పెట్టుకున్నది 15. “తెరుచుకోలేదు” అన్నాను. “జరుగు, నేను చూస్తా” అని బ్యాంకులో పనిచేసే మిత్రుడు వేశాడు. 4, కలిపితే 7. తెరుచుకోలేదు. వదిన వేసింది. 11, కలిపితే 14. ఒక్కటి తక్కువ. చివరికి ఎదురింటి లెక్కల సార్ కళ్లద్దాలు సర్దుకుని, పాచికను అరచేతిలో కాసేపు ఆడించి వేశారు. 10, కలిపితే 13.

“మామా, మళ్లీ వెయ్యొచ్చా?”

వెయ్యమంటే ఇందాకటి నాలుగు రోల్స్‌కి, అంటే నాలుగుసార్లు పాచిక వేసినదానికి, అర్థం లేదు. వద్దంటే పిల్లవాడు గదిలోనే, ఆట అక్కడే. నేను నీళ్లు తొడల దాకా వచ్చాయని, గోడలు చెమ్మగిల్లుతున్నాయని గొంతు పెంచి చెబుతున్నాను గానీ, బల్ల చుట్టూ ఉన్న నలుగురికీ తెలుసు ఏమీ జరగడం లేదని. వదిన లేచి చాయ్ పెట్టడానికి వెళ్లింది. ఆట నడిపేవాడికి ఇంతకంటే సూటిగా ఎవరూ మార్కులు వెయ్యరు.

ఇది ఆ తాళంతో మొదలై ఆరు ఆదివారాలు సాగిన ఆట గురించి. పాచిక ఫలితాన్ని ఎన్ని మెట్లుగా విడదీయాలి, ఆ మెట్లకు ఏం అర్థం చెప్పాలి అన్న ఒక్క విషయాన్ని పట్టుకుని రాస్తున్నాను. మధ్యలో నేను చేసిన పొరపాట్లే ఇందులో ఎక్కువ.

ఈ ఆటలు తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ అంటే బల్ల చుట్టూ కూర్చుని కలిసి కథ ఆడటం. ఒకడు జీఎం, అంటే గేమ్ మాస్టర్. లోకాన్నీ, ఎదురయ్యే మనుషుల్నీ, వానల్నీ వరదల్నీ వాడు చెబుతాడు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర. “నేను గోడ దూకుతాను” అని ఆటగాడు అన్నప్పుడు అది జరిగిందో లేదో తేల్చడానికి పాచిక. నేను ఎనిమిదేళ్లుగా జీఎంగా కూర్చుంటున్నాను, ఎక్కువగా విద్యానగర్‌లో మా ఇంటి డైనింగ్ టేబుల్ మీదే.

ఈసారి డ్రాగన్లూ కోటలూ వద్దనుకున్నాం. మూసీ వరద ఎంచుకుంది వదిన. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు కథ ఆమెకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఆ రోజు దాని కొమ్మలు పట్టుకుని సుమారు 150 మంది బతికారని చెబుతారు. అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి. 1578లో కట్టిన పురానాపూల్ నిలబడింది. వదిన మంత్రసాని పాత్ర తీసుకుంది. మేనల్లుడు ధూల్‌పేట పహిల్వాన్. మిత్రుడు తపాలా బంట్రోతు. సార్ బేగంబజార్‌లో ఒక కొట్టు గుమాస్తా. నిజంగా వేల మంది పోయిన రోజు కాబట్టి ముందే ఒక మాట అనుకున్నాం: ఊరు మునగడం, ఎంతమంది పోవడం అన్నవాటికి పాచిక వెయ్యం. అవి జరిగిపోయాయి. మన నలుగురి చేతుల్లో ఉన్నదానికే పాచిక.

తాళం రోజున చాయ్ తాగుతూ లెక్కల సార్ పేపర్ అంచు మీద లెక్క వేశారు. ఒక్కొక్కరికి 12 లేదా పైన పడాలి. 20 ముఖాల్లో అలాంటివి 9, అంటే 45 శాతం. నలుగురూ తప్పే అవకాశం 9 శాతం. “చూడు బాబూ, నలుగురినీ వెయ్యనిస్తానని నువ్వు అనుకున్నప్పుడే నూటికి 91 పాళ్లు తలుపు తెరిచేశావు. మిగిలిన 9 పాళ్లకి నీ దగ్గర ఏమీ లేదు. ఈరోజు ఆ తొమ్మిదే వచ్చింది” అన్నారు. రిటైరైనా ఫెయిల్ చేసే అలవాటు పోలేదు ఆయనకి.

ఇంకో సంగతి నాకు అప్పుడు తట్టింది. వదినకు వచ్చిన 14, మిత్రుడికి వచ్చిన 7, రెండూ ఒకటే అయిపోయాయి. పదో తరగతిలో 35 వచ్చినా పాసే, 95 వచ్చినా పాసే అన్నట్టు. 34 వచ్చినవాడు, తెల్ల కాగితం ఇచ్చి వచ్చినవాడు ఒకే వరసలో నిలబడతారు. పాచిక అంత సమాచారం ఇస్తుంటే నేను అందులోంచి ఒక్క ముక్క తీసుకుని మిగతాది పారేస్తున్నాను.

పాస్, ఫెయిల్ పద్ధతి చెడ్డదని కాదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ చేతుల మీదుగా వచ్చింది. బొమ్మ సైనికుల యుద్ధపు ఆటలు దానికి తల్లివేరు. కత్తి తగిలిందా, తగల్లేదా అన్న ప్రశ్నకు రెండే జవాబులు చాలు. ఎందుకంటే నీ దెబ్బ తప్పితే తర్వాతి వంతు శత్రువుది. తప్పడానికి వెల అక్కడే ఉంది, ఎవరూ కొత్తగా కల్పించనక్కర్లేదు. తాళానికి వంతు రాదు. అది తిరిగి కొట్టదు. యుద్ధానికి పనికొచ్చిన పాచికను అలాగే తెచ్చి తాళం మీద వేస్తే ఆట ఆగిపోయేది అందుకే.

(20 పడితే ఏదైనా అయిపోతుందని మా మేనల్లుడి వయసు వాళ్లంతా గట్టిగా నమ్ముతారు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2014 నాటి ఐదో ఎడిషన్ నిబంధనల్లో అది దాడి చేసే రోల్‌కే వర్తిస్తుంది. తాళాలకీ గోడలకీ కాదు. దీని మీద మా ఇంట్లో జరిగినంత గొడవ ఆస్తి పంపకాల మీద కూడా జరగలేదు.)

రెండో ఆదివారానికి పద్ధతి మార్చాను. లూడో డబ్బాలోంచి రెండు మామూలు పాచికలు తీశాను. బేకర్ దంపతులు 2010లో తెచ్చిన అపోకలిప్స్ వరల్డ్ అనే ఆటలోని పద్ధతి ఇది: రెండు పాచికలు వేసి, పాత్రకున్న బలం కలుపు. 10 లేదా పైన వస్తే పని అయింది. 7 నుంచి 9 మధ్య వస్తే పని అయింది గానీ ఏదో ఒక చిక్కు. 6 లేదా తక్కువ వస్తే జీఎం చేతికి చిక్కావు. ఆ తర్వాత వచ్చిన ఎన్నో ఆటలు ఈ మూడు మెట్లనే వాడుకున్నాయి. మా బల్ల మీద వీటికి పేర్లు వదినే పెట్టింది: ‘అయింది’, ‘అయింది గానీ’, ‘కాలేదు, పైగా’. ఇంగ్లిష్ మాటలు వాడినప్పుడు కన్నా ఇవి నోట్లో ఎంత హాయిగా తిరిగాయో చెప్పలేను. ‘గానీ’ అని నేను ఒక్క క్షణం ఆగితే చాలు, నలుగురూ ముందుకు వంగేవాళ్లు.

మన అష్టా చెమ్మాలోనూ ఈ మెట్లు ఉన్నాయి కదా అని సార్ గుర్తు చేశారు. నాలుగు గవ్వలు వేస్తే ఒకటి, రెండు, మూడు మామూలు నడక. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా, పైగా ఇంకోసారి వేసుకోవచ్చు. చిన్న గెలుపు, పెద్ద గెలుపు అన్న తేడా గవ్వలాడిన ప్రతి ఇంటికీ తెలుసు. ‘గెలిచాను గానీ’ అన్నదే గవ్వల్లో లేదు.

రెండో ఆదివారం బాగానే నడిచింది. మూడో ఆదివారం వదిన పాచికలు ముట్టుకోవడం మానేసింది.

మొదట నేను గమనించలేదు. సందులో ఎవరైనా కొట్టుకుపోతుంటే ఆమె “పహిల్వాన్‌ని పిలుస్తాను” అనేది. ఎవరితోనైనా మాట్లాడాల్సి వస్తే “గుమాస్తా గారు మాట్లాడతారులెండి” అనేది. ముందు వారం అంత ఉత్సాహంగా ఆడిన మనిషి. గంటన్నర తర్వాత నేనే అడిగాను, ఏంటి వదినా అని.

“నేను వెయ్యను. వేస్తే ఏదో ఒకటి పోతోంది.”

నోట్‌బుక్ తీసి చూశాను. రెండో ఆదివారం ఆమె మూడుసార్లు వేసింది. మూడుసార్లూ మధ్యలోనే పడ్డాయి. మొదటిది, సందుకు అడ్డంగా కట్టిన తాడు పట్టుకుని అవతలి ఇంట్లో నొప్పులు పడుతున్న ఆమె దగ్గరికి వెళ్లడం. 8. “దాటావు గానీ, చేతిసంచి నీళ్లలో పడిపోయింది” అన్నాను. రెండోది, డాబా ఎక్కడం. 7. “ఎక్కావు గానీ, కాలు కోసుకుంది.” మూడోది, పెద్దాసుపత్రికి తీసుకెళ్తానని మొండికేసిన ఆ గర్భిణి భర్తను ఒప్పించడం. 9. “ఒప్పుకున్నాడు గానీ, నీ మీద నమ్మకం పోయింది.” రాసేటప్పుడు ఒక్కొక్కటీ బాగానే అనిపించింది. వరసగా చదివితే వరద కంటే నేనే ఎక్కువ పగబట్టినట్టు ఉంది.

అన్నిటికంటే ఘోరం ఆ సంచి. మంత్రసాని ఎందుకు దాటింది? కాన్పు చెయ్యడానికి. కత్తెర, దారం, శుభ్రమైన గుడ్డలు సంచిలోనే ఉన్నాయి. సంచి లేకుండా దాటించడమంటే విస్తరి వేసి అన్నం లేదనడమే. ‘అయింది’ అని కుడిచేత్తో ఇచ్చి ‘గానీ’ అని ఎడమచేత్తో లాక్కున్నాను.

సార్ అప్పటికే పేపర్ అంచు వెతుక్కుంటున్నారు. రెండు పాచికలకు 36 రకాల పడటాలు. ప్లస్ ఏమీ లేనివాడికి నిండు గెలుపు 6, మధ్యది 15, ఓటమి 15. వదినకు ఆ పనుల్లో ప్లస్ 1. ఆమెకు నిండు గెలుపు 10, మధ్యది 16, ఓటమి 10. “మధ్యదాన్ని నువ్వు దెబ్బ కింద వాడుతున్నావు కాబట్టి, అదీ ఓటమీ కలిపితే 36లో 26. నూటికి 72 సార్లు ఆమెకు దెబ్బే. ఇంక ఎందుకు వేస్తుంది?”

ఇది నాకు ముందే తెలియాల్సిన లెక్క. ఈ పద్ధతిలో మధ్య మెట్టు అరుదుగా తగిలేది కాదు, తరచూ తగిలేదే అది. ఆట రుచి అంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. నేను దాన్ని చిన్న ఓటమిలా వడ్డిస్తున్నాను. నిజానికి అది గెలుపు. ముందు గెలుపు, తర్వాత వెల.

కానీ అసలు మందు లెక్కలోంచి రాలేదు. వదిన నోట్లోంచి వచ్చింది. చాయ్ కప్పులు సింక్‌లో పెడుతూ, నా వైపు తిరక్కుండానే అంది: “ధర్మరాజు అంత మాయజూదంలో కూడా ఏం ఒడ్డుతున్నాడో ముందు చెప్పి ఒడ్డాడు. తర్వాతే శకుని పాచిక వేశాడు. నువ్వేమో నేను వేశాక నా సంచి పందెం అంటున్నావు.”

నేను కాసేపు మాట్లాడలేదు. జాన్ హార్పర్ రాసిన 2017 నాటి బ్లేడ్స్ ఇన్ ద డార్క్ అనే ఆటలో సరిగ్గా ఈ సంగతే ఉంది. ఆటగాడు పాచిక ఎత్తకముందే జీఎం రెండు విషయాలు తేల్చి చెప్పాలి: పరిస్థితి ఎంత ప్రమాదకరం, పని అయితే ఎంత మేరకు అవుతుంది. నేను అది రెండుసార్లు చదివాను. చదివి, సొంత తెలివి మీద నమ్మకంతో పక్కన పెట్టాను. పందెం అన్న మాట మన భాషలో ఉండగా, ఒడ్డడం అన్న క్రియ ఉండగా, దాన్ని ఇంగ్లిష్ పుస్తకంలో చదివినప్పుడు నాకు ఎక్కకపోవడం ఏంటో!

నాలుగో ఆదివారం నుంచి బల్ల మధ్యలో ఒక పలక పెట్టాం, పిల్లలు అఆలు దిద్దుకునేలాంటిది. ఎవరు పాచిక ఎత్తినా ముందు దాని మీద రెండు ముక్కలు రాయాలి. పైన ఆటగాడు రాసేది: నాకు ఏం కావాలి. కింద నేను రాసేది: ఏం ఒడ్డుతున్నావు. పై ముక్క మధ్య మెట్టులోనూ దక్కి తీరాలి. దాన్ని నేను ముట్టుకోకూడదు. వెల వేరే చోటి నుంచి రావాలి. కింద ముక్క నచ్చకపోతే ఆటగాడు పాచిక దించేసి ఇంకో దారి చూసుకోవచ్చు. బేరం కూడా ఆడొచ్చు. హైదరాబాద్‌లో బేరం ఆడొద్దంటే ఎవరు వింటారు?

ఆ రోజే చింతచెట్టు దగ్గరికి వచ్చాం.

నీళ్లు నడుము దాటాయి. చెట్టు నిండా మనుషులు. కొమ్మల మీద ఆడవాళ్లు, పిల్లలు, ఒకాయన భుజం మీద కోడి. చెట్టు మొదలు దగ్గర పహిల్వాన్ నిలబడి ఉన్నాడు. వాడి చేతుల్లో కళ్లు కనపడని ఒక ముసలాయన. మేనల్లుడు పలక మీద రాశాడు: ‘తాతను కొమ్మ మీదికి ఎక్కించాలి’. నేను కింద రాశాను: ‘నీ కాళ్ల కింద నేల’. వాడు చదివి నా వైపు చూశాడు.

“అంటే మామా?”

“అంటే, మధ్యలో పడితే తాత పైకి వెళ్తాడు, నువ్వు తాత బరువు వదిలిన క్షణంలో నీ కాలు జారుతుంది. అస్సలు కాకపోతే ఇద్దరూ నీళ్లలో.”

“ఇంకేదన్నా ఒడ్డొచ్చా? నా కడియం?”

“వరదకు కడియం ఎందుకురా?”

వాడికి ప్లస్ 2. సార్ పెదవులు కదులుతున్నాయి, 36లో 6 మాత్రమే ఓటమి, ఆరింట ఒక వంతు. వదిన “వెయ్యకురా, ఇంకొంచెం ఆగు, తాడు తెస్తున్నాను” అంటోంది. వాడు పాచికలు రెండు చేతుల మధ్య పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. వేశాడు. 4, 3. కలిపితే 7. ప్లస్ 2, 9.

నేను నోరు తెరవకముందే వాడు అన్నాడు. “ఎక్కించాను. గానీ.” అని కుర్చీలోంచి మెల్లగా కిందికి జారి బల్ల కింద కూర్చున్నాడు. మునుపటి వారాల్లో అయితే ఆ ‘గానీ’ నేను చెప్పేవాణ్ని, వాడు గొడవపడేవాడు. ఇప్పుడు వాడిది వాడే చెప్పుకున్నాడు. మిత్రుడు లేచి నిలబడ్డాడు. “నా తలపాగా విప్పి విసురుతున్నా. పట్టుకో!” పలక లాక్కుని రాశాడు: ‘పహిల్వాన్ చేతికి తలపాగా అందాలి’. నేను సుద్ద తీసుకునేలోపే వదిన రాసేసింది, కింద ముక్క: ‘టపా సంచి’. తపాలా బంట్రోతు రెండు చేతులతో లాగాలంటే భుజాన ఉన్న సంచి వదలాలి. అది నాకు తట్టనే లేదు. ఆమె సంచి పోయిన మనిషి కాబట్టి తట్టింది.

ఆ సాయంత్రం పాచికలు వేసింది చాలా తక్కువసార్లు. ముందు వారాలతో పోలిస్తే సగం కూడా ఉండవు. పందెం రాయడానికి ఏమీ దొరకని చోట పాచిక వెయ్యడం మానేశాం. దొరికిన చోట ఊపిరి బిగబట్టి వేశాం.

ఓటమి సంగతి. ‘ఏమీ జరగలేదు’ అన్న ఫలితాన్ని పూర్తిగా ఎత్తేశాను. తపాలా బంట్రోతు పురానాపూల్ మీదుగా అవతలి ఒడ్డుకు వెళ్లాలనుకున్నాడు. కింద ముక్క: ‘నువ్వు ఎటు వెళ్లాలో జనం తేలుస్తారు’. 2, 1 పడ్డాయి. కాలేదు. పైగా జనం తోపులాటలో వెనక్కి వచ్చిపడ్డాడు, చేతిలో ఎవరిదో పాప చెయ్యి. ఆ పాప ఎవరో తేల్చడానికే తర్వాతి ఆదివారం సగం గడిచింది. మొదటి రోజు తాళం దగ్గర నాలుగు ఓటములు కలిసి ఇవ్వలేని కథను ఈ ఒక్క 3 ఇచ్చింది.

మెట్లు ఇంకా పెంచితే? సార్ పట్టుబట్టడంతో అదీ చూశాం. 2019లో వచ్చిన పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌లో నాలుగు మెట్లు. కావలసిన అంకె కంటే 10 ఎక్కువ వస్తే మహా గెలుపు, 10 తక్కువ వస్తే మహా ఓటమి, 20 పడితే ఒక మెట్టు పైకి, 1 పడితే ఒక మెట్టు కిందికి. చక్కటి పద్ధతి, కొద్దిలో తప్పినవాడికీ ఘోరంగా తప్పినవాడికీ తేడా పట్టుకుంటుంది. కానీ ఆ ఆటలో ఎన్నో మంత్రాలకీ పనులకీ నాలుగు ఫలితాలూ పుస్తకంలోనే అచ్చేసి ఉంటాయి. మా వరదకు అచ్చేసిన పుస్తకం లేదు. ప్రతిసారీ నాలుగు ఫలితాలు నేనే అల్లాలి. ఒక గంటకే బుర్ర ఎండిపోయి, మహా ఓటమికి మామూలు ఓటమినే కాస్త గట్టి గొంతుతో చెప్పడం మొదలుపెట్టాను. వదిలేశాం. సార్ వారం రోజులు అలిగారు.

కాల్ ఆఫ్ కథుల్హు ఏడో ఎడిషన్ నుంచి మాత్రం ఒకటి అరువు తెచ్చుకున్నాం. అది నూరు అంకెల పాచిక. నైపుణ్యం 60 ఉంటే 60 లోపు మామూలు గెలుపు, సగం అంటే 30 లోపు కష్టమైన గెలుపు, ఐదో వంతు అంటే 12 లోపు అసాధారణం. మేం తెచ్చుకున్నది ఆ మెట్లను కాదు, దాని పక్కనున్న ‘పుష్’ని. ఓడిన రోల్‌ను ఒకసారి మళ్లీ వెయ్యొచ్చు, అయితే ఈసారి వేరేగా ఏం చేస్తున్నావో చెప్పాలి, మళ్లీ ఓడితే దెబ్బ ఇంకా పెద్దది. మేనల్లుడు మొదటి రోజు అడిగిన “మళ్లీ వెయ్యొచ్చా?”కి ఐదో ఆదివారం దొరికిన జవాబు ఇది.

పలక పనిచెయ్యని చోటు కూడా ఉంది, దాచను. వెతకడం, పసిగట్టడం లాంటి పనులు. బేగంబజార్‌లో చీకటి గోదాము. గుమాస్తా లోపలికి తొంగిచూస్తానన్నారు. నేను అలవాటుగా కింద ముక్క రాసేశాను: ‘లోపలున్నది నిన్ను ముందు చూస్తుంది’. సార్ చదివారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “ఓహో, అయితే లోపల ఏదో ఉందన్నమాట” అని నింపాదిగా వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. మూడు రోజులు కష్టపడి అల్లుకున్న సన్నివేశం గోదాములోనే ఉండిపోయింది. అప్పటి నుంచి చూపుకీ వినికిడికీ పందెం ‘ఆలస్యం’ అని మాత్రమే రాస్తున్నాను. వరదలో ఆలస్యం కంటే పెద్ద వెల ఏముంది? అయినా ఇది అతుకే. సరైన పరిష్కారం ఇంకా దొరకలేదు.

ఆరో ఆదివారం నీళ్లు తీశాయి. మంత్రసాని బురదలో వెతుక్కుంటూ వెళ్తే ఆమె సంచి ఒక గోడకు తగులుకుని కనపడింది. దానికి నేను పాచిక అడగలేదు, అది నా బాకీ. తర్వాత ఏమైందని మేనల్లుడు అడిగితే విశ్వేశ్వరయ్య గారిని పిలిపించిన సంగతి, 1920లో ఉస్మాన్‌సాగర్ (గండిపేట చెరువు), 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయిన సంగతి చెప్పాను. వాడు రోజూ గండిపేట మీదుగానే కాలేజీకి వెళ్తాడు. ఎందుకు కట్టారో ఆ రోజే తెలిసిందట.

ఆట ముగించే ముందు నలుగురూ మళ్లీ ఆ మొదటి ఇంటికి వెళ్లారు. పిల్లవాడు అప్పటికే బయటపడి అమ్మ దగ్గర ఉన్నాడు, వాడి పుస్తకాల పెట్టె మాత్రం లోపల ఉంది. అదే గది, అదే తాళం. మేనల్లుడు అలవాటుగా పాచికలు చేతిలోకి తీసుకుని పలక మీద రాశాడు: ‘తలుపు తెరుచుకోవాలి’. సుద్ద నాకు ఇచ్చాడు.

నేను పట్టుకుని కూర్చున్నాను. నీళ్లు లేవు. తొందర లేదు. చుట్టూ శత్రువులూ లేరు. నాకు రాయడానికి ఏమీ తట్టలేదు.

“కింద ఏం రాస్తున్నావు?” అన్నారు సార్.

“ఏమీ లేదు సార్.”

“అయితే తెరుచుకున్నట్టే కదా” అని వదిన పలక తుడిచేసింది.